పుణె ఇంటర్వ్యూకి ముందు ఆ పదిహేను రోజులు

హోస్ట్: నమస్కారం. ఇవాళ ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక అక్క మనతో మాట్లాడుతున్నారు. నీట్ రాశాక ఈవిడ కూతురికి పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీ, అంటే ఏఎఫ్ఎంసీ నుంచి పిలుపు వచ్చింది. అక్కా, ఎంబీబీఎస్‌కి ఇంటర్వ్యూ ఏమిటని చాలామంది అడుగుతారు.

అతిథి: నేనూ అదే అడిగాను తమ్ముడూ. మామూలుగా అయితే నీట్‌లో 720కి ఎన్ని మార్కులు వచ్చాయో చూసి కౌన్సెలింగ్‌లో సీటిస్తారు. ఏఎఫ్ఎంసీ పద్ధతి వేరు. నీట్ మార్కుల్ని బట్టి కొందరినే పుణె రమ్మంటారు. అక్కడ ఇంగ్లీషు, లాజిక్ మీద కంప్యూటర్ పరీక్ష ఉంటుంది, అరగంటలో 40 ప్రశ్నలు. ఆ తర్వాత ఇంటర్వ్యూ, మెడికల్ టెస్టు. ఫీజు కట్టక్కర్లేదు గానీ చదువయ్యాక సైన్యంలో డాక్టరుగా పనిచేయాలి. అమ్మాయిలకు 30 సీట్లే.

హోస్ట్: మరి ఇంట్లో ఎలా ఉండేది?

అతిథి: సంతోషం ఒక్క పూటే. సాయంత్రానికి అందరికీ టెన్షన్. నేను వెంటనే ఒక కోచింగ్ సెంటర్ నుంచి ప్రశ్నలు, జవాబులు రాసున్న కాగితాలు తెచ్చి బట్టీ పట్టమన్నాను. అది నా తప్పు. నాలుగో రోజు రాత్రి అన్నం తింటుంటే వాళ్ల నాన్న, "డాక్టరు ఎందుకవ్వాలనుకుంటున్నావమ్మా?" అని మామూలుగానే అడిగారు. మొదటి వాక్యం చెప్పింది. రెండోది గుర్తు రాలేదు. కంచం ముందే ఏడ్చేసింది. ఆయన ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

హోస్ట్: అయ్యో.

అతిథి: ఆ రాత్రే కాగితాలన్నీ అటక మీద పెట్టేశాను. మా పిల్లకి ఇంట్లో తెలుగు, స్నేహితులతో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. అందుకని, "ముందు తెలుగులోనే చెప్పమ్మా" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వాళ్ల మామ్మ సంగతి ఎత్తింది. మా అత్తగారిది పాతపట్నం వైపు, ఒడియా రాదు. పక్షవాతం వచ్చిన రోజు బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు ఒడియాలో "ఎన్ని గంటలకి మొదలైంది?" అని మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. నాకు కంగారులో నోరు పెగల్లేదు. ఏడో తరగతి పిల్ల మామ్మని తెలుగులో అడిగి, ఆయనకి ఒడియాలో చెప్పింది.

హోస్ట్: టైము అంత ముఖ్యమా అక్కా?

అతిథి: మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతమైతే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలట. అది మా అమ్మాయే తర్వాత చదివి తెలుసుకుంది. ఇన్నేళ్లూ ఆ మాట మాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎన్ని మార్కులు వచ్చాయనే అడిగాను.

హోస్ట్: ఇంటర్వ్యూ ప్రాక్టీసు మాటేంటి?

అతిథి: మా వీధిలో రిటైరైన సుబేదారు బాబాయి ఉన్నారు. మన శ్రీకాకుళం వైపు నుంచి మిలటరీకి చాలామంది వెళ్తారు కదా. రోజూ సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చోబెట్టి ప్రశ్నలడిగేవారు. "తెలియకపోతే తెలియదని నా మొహం చూసి చెప్పు" అనేవారు. ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్ల కదా, "తెలియదు సార్" అనడమే దానికి అన్నిటికన్నా కష్టమైంది. ఇంగ్లీషులో తప్పులొచ్చినా నేను మధ్యలో కల్పించుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. చుట్టాల ఫోన్లు కూడా నేనే ఎత్తేదాన్ని.

హోస్ట్: పుణె ప్రయాణం?

అతిథి: పలాస వెళ్లి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఒక రాత్రి, ఒక పగలు. పుస్తకం తీయనివ్వలేదు. ఇంటర్వ్యూ అయ్యి బయటికి రాగానే, "ఆకలేస్తోందా?" అన్నాను, అంతే. సంచిలోంచి చేగోడీలు తీసి తింటూ తనే చెప్పింది, "అమ్మా, ఒకదానికి తెలియదు సార్ అనేశాను" అని.

హోస్ట్: సీటు వచ్చిందా?

అతిథి: అక్కడ రాలేదు తమ్ముడూ. రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. అన్నం లోపల పెట్టి వచ్చేసేదాన్ని, ఏమీ అడక్కుండా. తర్వాత ఒడిశా కౌన్సెలింగ్‌లో బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో వచ్చింది, ఆ పెద్దాసుపత్రి దానిదే. చేర్పించడానికి వెళ్లిన రోజు నా చెయ్యి పట్టుకుని ఎమర్జెన్సీ వైపు తీసుకెళ్లింది. "అమ్మా, మామ్మని దింపింది ఇక్కడే" అంది.