పెట్టె మీద పేరు: స్వతంత్ర గేమ్ సంస్థను మొదలుపెట్టడం గురించి

సభకు నమస్కారం.

మీలో చాలామంది పగలు ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్లు సొంత గేమ్ మీద కూర్చుంటున్నారని నిర్వాహకులు చెప్పారు. నేనూ ఆ దారిన వచ్చినవాణ్నే. హైదరాబాద్‌లోని ఒక అవుట్‌సోర్సింగ్ స్టూడియోలో ఆరేళ్లపాటు విదేశీ గేములకు కత్తులు, డాళ్లు, గుమ్మాలు, చెట్లు తయారుచేశాను. ఆ గేముల పేర్లు ఇంట్లోవాళ్లకు చెప్పడానికి కూడా ఒప్పందం ఒప్పుకునేది కాదు. గేము చివర వచ్చే పట్టికలో మా పేర్లు కనిపించేవీ కావు. అందుకే ఈ ప్రసంగాన్ని పెట్టుబడితోనో సాంకేతికతతోనో కాక, పేరుతో మొదలుపెడుతున్నాను. స్వతంత్ర గేమ్ సంస్థ అనే ఆలోచన పుట్టిందే అక్కడ.

1970ల చివర అమెరికాలో అటారీ సంస్థ టీవీకి తగిలించుకుని ఆడే వీసీఎస్ యంత్రాన్నీ, గేములు నింపి దానిలో పెట్టే కార్ట్రిడ్జ్‌లనూ అమ్మేది. ఆ సంస్థను 1976లోనే వార్నర్ కమ్యూనికేషన్స్ కొనేసింది. ఆ రోజుల్లో ఒక్కో గేమును మామూలుగా ఒక్క మనిషే ఊహించి, బొమ్మలు గీసి, శబ్దం కూర్చి, ప్రోగ్రాము రాసేవాడు. అయినా పెట్టె మీద అతని పేరు ఉండేది కాదు. ఏ గేము ఎంత అమ్ముడయిందో చూపే ఒక కాగితాన్ని యాజమాన్యం ప్రోగ్రామర్లకు పంచింది. బాగా పోతున్నవాటిలాంటివే ఇంకా చేయండని దాని ఉద్దేశం. డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, లారీ కాప్లన్ అనే నలుగురు ఆ కాగితంలో వేరే లెక్క చూశారు: కార్ట్రిడ్జ్‌ల అమ్మకాల్లో సగానికి పైగా తమ నలుగురి చేతి పనే. తన గేములు 2 కోట్ల డాలర్లకు పైగా తెచ్చిపెట్టిన కాలంలో తన జీతం 30 వేల డాలర్లకు లోపేనని క్రేన్ తర్వాత పలుమార్లు చెప్పుకున్నారు. పేరూ, అమ్మకంలో కొంత వాటా అడిగితే, కార్ట్రిడ్జ్‌ను బిగించే కార్మికుడికన్నా మీరేమీ ఎక్కువ కాదనే అర్థంలో జవాబొచ్చిందని ఆయన కథనం. ఈ ఉదంతం చెప్పినవాళ్లందరూ ప్రోగ్రామర్లకు జరిగిన అవమానాన్నే చూస్తారు. ఆ మాటలో కార్మికుడికి జరిగిన అవమానం కూడా తక్కువది కాదని నాకు అనిపిస్తుంది.

సంగీత రికార్డుల వ్యాపారం నుంచి వచ్చిన జిమ్ లెవీతో కలిసి ఆ నలుగురు యాక్టివిజన్ సంస్థను మొదలుపెట్టారు. సంస్థ పుట్టిన తేదీ 1979 అక్టోబరు 1. టీవీకి తగిలించే గేమ్ యంత్రాన్ని ఒకరు తయారుచేస్తే, దానికి మరొకరు గేములు చేసి అమ్మడం అనేది అప్పటిదాకా లేదు. అది నేరమా, వ్యాపారమా అన్నది కూడా ఎవరూ తేల్చి ఉండలేదు. అందుకని అటారీ రహస్యాలేవీ వాడలేదని చూపగలిగేలా, గేము తయారీకి కావలసిన పరికరాలను క్రేన్ అపార్ట్‌మెంట్‌లో తామే కొత్తగా కూర్చుకున్నారు. 1980 జులైలో వారి మొదటి గేములు మార్కెట్లోకి వచ్చాయి. గేము చేసిన వ్యక్తి పేరును పెట్టె మీద వేశారు, లోపలి పుస్తకంలో ఆ వ్యక్తిని ఆటగాడికి పరిచయం చేశారు. ఎక్కువ స్కోరు సాధించినవాళ్లు టీవీ తెరను ఫొటో తీసి పంపితే, బట్టల మీద కుట్టుకునే బ్యాడ్జిని తిరుగు టపాలో పంపేవారు. అటారీ అదే ఏడు దావా వేసింది. 1982లో రాజీ కుదిరి, యాక్టివిజన్ రాయల్టీ చెల్లించడానికి ఒప్పుకుంది. ఓడిపోయినట్టు కనిపించే ఆ రాజీయే, బయటివాళ్లు గేములు చేసి అమ్ముకోవచ్చన్న పద్ధతికి ముద్ర వేసింది.

అదే సంవత్సరం క్రేన్ చేసిన పిట్‌ఫాల్ వచ్చింది. వీసీఎస్‌లో పని చేసుకోవడానికి ఉన్న జ్ఞాపకశక్తి 128 బైట్లు. ఈ గేము కార్ట్రిడ్జ్ మొత్తం 4 కిలోబైట్లు. అడవిలోని 255 దృశ్యాలను విడివిడిగా దాచడానికి అందులో చోటు లేదు. క్రేన్ వాటిని దాచలేదు. ఒక అంకె నుంచి తర్వాతి అంకెను పుట్టించే చిన్న సూత్రం రాసి, ఆ అంకెలోని బిట్లను బట్టి ఇక్కడ గుంట, అక్కడ తేలు, మరోచోట మొసళ్లు అని యంత్రం అప్పటికప్పుడే తేల్చుకునేలా చేశారు. ఆ సూత్రాన్ని వెనక్కి నడిపితే ఆటగాడు వచ్చిన దారినే తిరిగి వెళ్లగలడు. 40 లక్షలకు పైగా అమ్ముడయిన గేము అది. చిన్న సంస్థకు డబ్బు తక్కువ, మనుషులు తక్కువ అని మనం బాధపడతాం. వంద దృశ్యాలను గీయించలేనివాడు దృశ్యాలను పుట్టించే సూత్రం వెతకాల్సి వస్తుందని మాత్రం పిట్‌ఫాల్ చూపించింది.

స్వతంత్రం అనే మాటను నేను కొంచెం ఇరుకుగా వాడతాను. తక్కువ మందితో చేసిన గేము స్వతంత్రమని కాదు, పాత బొమ్మల శైలిలో ఉంటే స్వతంత్రమనీ కాదు. గేము మీద హక్కు ఎవరి పేరున ఉంది, అది ఆటగాడిని చేరే దారి ఎవరి చేతిలో ఉంది అన్నవే నేను అడిగే ప్రశ్నలు. ఈ రెండూ ఒక్కచోట కనబడే ఉదాహరణ ఇంకొకటి ఉంది.

1990లో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్‌లో సాఫ్ట్‌డిస్క్ అనే సంస్థలో జాన్ కార్మాక్, జాన్ రొమేరో, టామ్ హాల్, ఏడ్రియన్ కార్మాక్ పనిచేసేవారు. మామూలు పీసీ తెర మీద దృశ్యాన్ని తడబాటు లేకుండా పక్కకు జరిపే పద్ధతిని జాన్ కార్మాక్ కనిపెట్టారు. దానితో నింటెండో వారి మేరియో గేమును పీసీ మీద నమూనాగా చేసి వాళ్లకే పంపితే, పీసీ గేములు తమకు అక్కర్లేదన్నారు. పెద్ద తలుపు మూసుకుంది. అప్పటికే టెక్సస్‌లో స్కాట్ మిల్లర్ అపోజీ పేరుతో వేరే దారి వేసి ఉన్నారు: గేములో మొదటి భాగాన్ని ఉచితంగా పంచుకోనిచ్చి, మిగతా భాగాలను పోస్టులో అమ్మడం. రొమేరోకు వచ్చే ఉత్తరాలను సాఫ్ట్‌డిస్క్ చదువుతుందేమోనని స్కాట్ మిల్లర్ రకరకాల పేర్లతో అభిమానిలా రాశారు. చిరునామా మాత్రం అన్నిటి మీదా ఒక్కటే. ఆ బృందం 1990 డిసెంబరు 14న కమాండర్ కీన్ అనే గేమును అపోజీ ద్వారా విడుదల చేసింది. మొదటి రాయల్టీ చెక్కు 10,500 డాలర్లు. ఆ డబ్బుతో ఉద్యోగాలు వదిలి 1991 ఫిబ్రవరి 1న ఐడీ సాఫ్ట్‌వేర్ పెట్టారు.

ఇందులో మీరు దాటేయకూడని భాగం ఒకటుంది. వాళ్లు ఆ గేమును ఆఫీసు కంప్యూటర్లను శనాదివారాలు ఇంటికి మోసుకెళ్లి చేశారు. యజమానికి తెలిసింది. పేచీ కోర్టుకు వెళ్లకుండా, పాత సంస్థకు కొంతకాలం గేములు చేసిపెడతామన్న ఒప్పందంతో బయటపడ్డారు. అందరు యజమానులూ అలా సర్దుకుపోరు. ఉద్యోగ కాలంలో మీరు చేసిన ప్రతిదీ, ఆఫీసు వేళల బయట చేసినదైనా సరే, సంస్థదేనని రాసుకున్న నియామక పత్రాలు మన ఊళ్లో నేను చాలా చూశాను. ఈ రాత్రి కోడు రాయడానికి ముందు ఆ పత్రం తీసి చదవండి. సొంత ల్యాప్‌టాప్ వాడండి, సొంత ఖాతాలో దాచుకోండి.

ఇప్పుడు దారి సంగతి. 2017 నుంచి, కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణమైన స్టీమ్‌లో ఒక్కో గేముకు 100 డాలర్లు కట్టి ఎవరైనా పెట్టుకోవచ్చు. దారి వెడల్పయింది కాబట్టి రద్దీ కూడా పెరిగింది. లెక్క చూద్దాం. ముగ్గురు మనుషులు, నెలకు తలా 40,000 రూపాయలు, రెండేళ్లు: 28 లక్షల 80 వేలు. గేము ధర 500 అనుకుంటే, అందులో 18 శాతం జీఎస్టీ తీసేస్తే 424, స్టీమ్ 30 శాతం పట్టుకుంటే చేతికి సుమారు 297. పెట్టిన డబ్బు తిరిగి రావడానికే 9,700 కాపీలు అమ్మాలి. తగ్గింపు ధరలూ, రెండు గంటల్లోపు ఆడి వాపసు చేసేవాళ్లూ ఈ లెక్కలో లేరు. నేను చిన్న గేముతో మొదలుపెట్టమని పోరు పెట్టేది ఈ అంకె చూసే.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. గేమింగ్ కంపెనీ అనగానే పెళ్లివారూ, బ్యాంకువారూ రమ్మీ అనుకుంటారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి; 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. మీ పని దానికి చెందదని మొదటి వాక్యంలోనే చెప్పడం అలవాటు చేసుకోండి.

పూణేలో నాడింగ్ హెడ్స్ గేమ్స్ అనే చిన్న స్టూడియో రాజీ అనే గేము చేసింది. ప్రజల నుంచి విరాళాలు కోరితే లక్ష్యం అందలేదు. సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరు తమ ఫ్లాటు అమ్మి పని నడిపారు, తర్వాత పబ్లిషర్ దొరికారు, 2020లో గేము వచ్చింది, ఆ ఏటి గేమ్ అవార్డుల్లో తొలి స్వతంత్ర గేముల విభాగంలో నామినేషన్ పొందింది. ఫ్లాటు అమ్మిన ఘట్టాన్ని సభల్లో చప్పట్ల కోసం చెబుతుంటారు; దాన్ని ఆదర్శంగా తీసుకోవద్దని నా మనవి. ఆ గేములో కథను నీడబొమ్మలతో నడిపిన తీరును చూడండి. తోలుబొమ్మలాటకు ఆంధ్రప్రదేశ్‌లోని నిమ్మలకుంటలో ఇప్పటికీ చేతులున్న మనం ఆ పని ఇంకా మొదలుపెట్టలేదు.

చివరగా భాగస్వాముల మాట. యాక్టివిజన్ నలుగురిలో లారీ కాప్లన్ 1982లోనే సంస్థ వదిలి, తిరిగి అటారీకి వెళ్లారు. క్రేన్ 1986లో బయటికొచ్చి వేరే సంస్థ పెట్టుకున్నారు. 2023లో మైక్రోసాఫ్ట్ దాదాపు 6,900 కోట్ల డాలర్లకు కొన్న మహాసంస్థలో ఆ పేరు మిగిలింది, మనుషులు కాదు. కాబట్టి వాటాలను మొదటి రోజే పంచేసుకోకండి. పనిచేసిన ఏళ్లను బట్టి దక్కేలా రాసుకోండి, మధ్యలో వెళ్లేవారు చేసిన పని ఎవరికి చెందుతుందో రాసుకోండి. మేం ముగ్గురం మొదలుపెట్టినప్పుడు రాసుకున్నది మూడు పేజీల కాగితం. రెండో ఏడు మాలో ఒకరు కుటుంబంతో కెనడా వెళ్లాల్సి వచ్చినప్పుడు దాన్ని తీసి రెండో పేజీ చదువుకున్నాం, అరగంటలో లెక్క తేల్చుకున్నాం, ముగ్గురం కలిసే భోజనానికి వెళ్లాం. విడుదలైన గేములో ఆయన పేరు పైనుంచి మూడోది.