క్వాంటం గురుత్వం మనలాంటివాళ్లకు అందుతుందా? – స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. బ్లాక్ హోల్స్ మీద, బిగ్ బ్యాంగ్ మీద వీడియోలు అందరమూ చూస్తాం. చూశాక ఏం తెలిసింది అని ఎవరైనా అడిగితే మాత్రం తడుముకుంటాం. ఫిజిక్స్ డిగ్రీ లేనివాళ్లు విశ్వశాస్త్రాన్నీ, గురుత్వాన్ని క్వాంటం సిద్ధాంతంతో కలపాలని చూసే క్వాంటం గురుత్వాన్నీ ఎంతవరకు నేర్చుకోగలరన్నది ఈరోజు చర్చ. విశ్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్న మేడమ్, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మాస్టారు, బ్యాంకులో రిటైరయ్యాక ఈ సబ్జెక్టు పట్టుకున్న పెద్దాయన మనతో ఉన్నారు. సార్, మీతోనే మొదలుపెడదాం. ఇబ్బంది ఎక్కడ వచ్చింది?

రిటైర్డ్ ఉద్యోగి: లెక్కల దగ్గర కాదండీ. ఏది తేలిందో, ఏది ఇంకా ఊహలోనే ఉందో ఎవరూ విడదీసి చెప్పరు. విశ్వం విస్తరిస్తోందనీ, విశ్వాలు చాలా ఉన్నాయనీ ఒకే గొంతుతో, ఒకే మ్యూజిక్‌తో చెప్పేస్తారు. బ్యాంకులో వసూలైన బాకీ ఒక పద్దు, వసూలు కావలసింది ఇంకో పద్దు. రెండూ కలిపేస్తే ఆడిట్‌లో దొరికిపోతాం. అందుకని నోటుబుక్కులో ప్రతి పేజీనీ రెండు భాగాలు చేశాను. ఎడమవైపు కొలిచి తేల్చినవి, కుడివైపు ఇంకా తేలాల్సినవి.

యాంకర్: ఎడమవైపు ఏమేం చేరాయి?

రిటైర్డ్ ఉద్యోగి: దూరంగా ఉన్న గెలాక్సీ ఎక్కువ వేగంతో దూరమవుతోందని 1929లో ఖగోళ శాస్త్రవేత్త హబుల్ చూపించాడు. ఆకాశమంతా నిండిన 2.7 కెల్విన్ మైక్రోవేవ్ వికిరణాన్ని 1965లో పెంజియాస్, విల్సన్ బయటపెట్టారు. విస్తరణ వేగం పెరుగుతోందని 1998లో తెలిసింది. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో డిటెక్టర్లకు గురుత్వ తరంగాలు, అంటే స్థలకాలంలో పుట్టే అలలు, చిక్కాయి. క్వాంటం గురుత్వం పేజీలో మాత్రం ఎడమవైపు ఒక్క లైను కూడా లేదు. నాకు అర్థంకాక అలా ఉందా, నిజంగానే ఏమీ లేదా? మేడమ్‌ని అడగాలనే వచ్చాను.

పరిశోధకురాలు: మీ పేజీ సరిగ్గానే ఉంది సార్. నేను రాసినా ఖాళీగానే ఉంటుంది. గురుత్వం క్వాంటం నియమాలకు లోబడుతుందని చూపే ప్రయోగం ఇంతవరకు జరగలేదు. కృష్ణబిలాలు, అంటే బ్లాక్ హోల్స్, వేడిని వెదజల్లుతాయని హాకింగ్ 1974లో లెక్కకట్టారు. మాలో చాలామందిమి దాన్ని నమ్ముతాం. కానీ సూర్యుడంత బరువున్న కృష్ణబిలానికి ఆ ఉష్ణోగ్రత కెల్విన్‌లో కోటో వంతు కూడా ఉండదు. చుట్టూ 2.7 కెల్విన్ వికిరణం ఉండగా దాన్ని పట్టుకునేదెలా? కాబట్టి అదీ కుడివైపే.

లెక్చరర్: నేను ఒక మాట చెప్పాలి. పేర్లు, సంవత్సరాలు ఎన్ని రాసుకున్నా అది సమాచారమే అవుతుంది. ఒక్క లెక్కయినా చేత్తో చేస్తేనే నేర్చుకున్నట్టు. ఇప్పుడే చేద్దాం, పదో తరగతి లెక్కే. (బోర్డు దగ్గరికి వెళ్లి) ఒక మెగాపార్సెక్ దూరంలో ఉన్న గెలాక్సీ సెకనుకు సుమారు 70 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోందనుకోండి. మెగాపార్సెక్ అంటే 3.09 × 10¹⁹ కిలోమీటర్లు. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం. 4.4 × 10¹⁷ సెకన్లు వచ్చింది. ఏడాదికి 3.15 × 10⁷ సెకన్లు. మళ్లీ భాగించండి.

రిటైర్డ్ ఉద్యోగి: (కాగితం మీద రాసుకుంటూ) 1,400 కోట్ల సంవత్సరాలు!

లెక్చరర్: విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలని ఎక్కడ చూసినా ఉంటుంది. దాని దగ్గరకు మీరే వచ్చేశారు.

పరిశోధకురాలు: చక్కగా వచ్చింది. అయితే వేగం మొదటి నుంచీ ఒకేలా ఉందనుకుని భాగించాం. నిజానికి విస్తరణ చాలాకాలం నెమ్మదిస్తూ వచ్చి, తర్వాత వేగం అందుకుంది. ఆ రెండూ దాదాపు సరిపోవడం వల్ల జవాబు ఇంత దగ్గరగా వచ్చింది. ఇంకో సంగతి. ఇదే లెక్కను హబుల్ కాలంలో చేస్తే? అప్పట్లో ఆయనకు వచ్చిన అంకె 70 కాదు, దాదాపు 500.

రిటైర్డ్ ఉద్యోగి: అంటే 200 కోట్లేనా?

పరిశోధకురాలు: అంతే. భూమ్మీద రాళ్ల వయసు అంతకన్నా ఎక్కువని తేలడంతో పెద్ద చిక్కొచ్చింది. విశ్వం కన్నా భూమి వయసు ఎక్కువెలా అవుతుంది? దూరాలు కొలవడానికి వాడిన సెఫీడ్ తారల్లో (వెలుగు ఒక క్రమంలో పెరుగుతూ తగ్గుతూ ఉండే తారలివి) రెండు రకాలున్నాయని 1952లో వాల్టర్ బాడె చెప్పాక దూరాలు రెట్టింపయ్యాయి, వయసూ రెట్టింపయింది. ఇప్పుడూ అలాంటి పేచీ ఒకటి నడుస్తోంది. ప్లాంక్ ఉపగ్రహం కొలిచిన మైక్రోవేవ్ వికిరణాన్ని బట్టి ఆ అంకె 67 దగ్గర వస్తుంది. సెఫీడ్లు, సూపర్నోవాల (పేలిపోయే తారల) దారిలో వెళ్తే 73. కొలతల్లో లోపమా, కొత్త భౌతికశాస్త్రమా అన్నది ఇంకా తేలలేదు. మాస్టారు చేసిన లెక్క మీ చేతిలో ఉంటే ఈ గొడవంతా మీకు అర్థమవుతుంది.

యాంకర్: మరి క్వాంటం గురుత్వం ఇందులోకి ఎక్కడ వస్తుంది?

పరిశోధకురాలు: విస్తరణను వెనక్కి తిప్పుకుంటూ వెళ్లండి. సాంద్రత, ఉష్ణోగ్రత పెరుగుతూ పోతాయి. ఐన్‌స్టీన్ 1915లో ఇచ్చిన సమీకరణాలు చివరికి అనంతం అని చెప్పి చేతులెత్తేస్తాయి. మొదటి 10⁻⁴³ సెకన్లలోపు ఏం జరిగిందో చెప్పాలంటే క్వాంటం సిద్ధాంతాన్నీ గురుత్వాన్నీ కలిపిన లెక్క కావాలి. కణాలను సన్నని తీగల కంపనాలుగా చూసే స్ట్రింగ్ సిద్ధాంతం ఒక దారి. రెండోది స్థలాన్నే విడివిడి ముక్కలుగా చూసే లూప్ క్వాంటం గురుత్వం. మన దేశానికి చెందిన అభయ్ అష్టేకర్ 1986లో ఐన్‌స్టీన్ సమీకరణాలను కొత్త చలరాశుల్లో రాయడంతో దానికి పునాది పడింది. ఆయన, పావ్లోవ్‌స్కీ, పరంప్రీత్ సింగ్ కలిసి 2006లో చేసిన లెక్కలో అనంతం రాలేదు. కుంచించుకుపోతున్న విశ్వం ఒక హద్దు దాకా వచ్చి తిరిగి విస్తరించడం మొదలుపెట్టింది.

రిటైర్డ్ ఉద్యోగి: ‘బిగ్ బ్యాంగ్‌కు ముందు ఇంకో విశ్వం ఉందని తేలింది’ అని వీడియోల్లో చెప్పేది ఇదేనా?

పరిశోధకురాలు: అదే. కానీ తేలలేదు. అన్ని చోట్లా ఒకేలా, అన్ని దిక్కులా ఒకేలా ఉండే సరళమైన నమూనా విశ్వం మీద చేసిన లెక్క అది. ఆ షరతు వాళ్ల పేపర్లోనే ఉంటుంది. వార్తకు వచ్చేసరికి ఎగిరిపోతుంది. ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైట్‌లో పేపర్లు ఎవరికైనా ఉచితం. సమీకరణాలు అర్థంకాకపోయినా మొదటి పేరా, చివరి పేజీ చదవండి. ఏం అనుకుని మొదలుపెట్టారు, ఏం మిగిలిపోయింది అన్నది వాళ్లే రాస్తారు.

యాంకర్: ప్రయోగం చేసి తేల్చేయొచ్చు కదా మేడమ్?

లెక్చరర్: పిల్లలూ ఇదే అడుగుతారు. జెనీవా దగ్గరున్న, కణాలను ఢీకొట్టించే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ శక్తి 13.6 టెరా ఎలక్ట్రాన్ వోల్టులు. క్వాంటం గురుత్వం ప్రభావం నేరుగా కనిపించాల్సిన ప్లాంక్ శక్తి దానికి దాదాపు 10¹⁵ రెట్లు. అంత యంత్రం కట్టే దారే లేదు.

పరిశోధకురాలు: నేరుగా అయితే లేదు. కానీ 2017లో సౌగత్ బోస్ బృందం, విడిగా మార్లెట్టో, వెడ్రల్ కలిసి వేరే దారి చూపించారు. మిల్లీగ్రాములో పదికోట్లో వంతు బరువుండే రెండు రేణువులు తీసుకోండి. ఒక్కొక్కదాన్నీ ఒకేసారి రెండు చోట్ల ఉండే క్వాంటం స్థితిలో పెట్టాలి. వాటి మధ్య గురుత్వం తప్ప ఇంకే బలమూ ఉండకూడదు. అప్పుడు ఒకదాని స్థితి రెండోదాని స్థితితో క్వాంటం పద్ధతిలో ముడిపడితే, గురుత్వానికీ క్వాంటం స్వభావం ఉన్నట్టే. చేయడం చాలా కష్టం. అయినా నాకు ఎక్కువ ఆశ దీనిమీదే.

యాంకర్: ఇంట్లో కూర్చుని నేర్చుకునేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

పరిశోధకురాలు: ముందు విశ్వశాస్త్రం. అక్కడ కొలతలు ఉన్నాయి. స్ట్రింగ్ సిద్ధాంతంతో మొదలుపెడితే మాటలే మిగులుతాయి.

లెక్చరర్: కాల్క్యులస్ ఇంటర్ స్థాయిలో వస్తే చాలు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో భౌతికశాస్త్రవేత్త సస్కిండ్ చెప్పిన పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితం. వయసు మళ్లినవాళ్లు కూడా కూర్చునే క్లాసులవి. తెలుగులో ఆ స్థాయి పాఠాలు కావాలని నాకు ఎంతో ఉంది. ఊళ్లో పిల్లవాడు ఇంగ్లీషుకు భయపడి ఆకాశాన్ని వదిలేయకూడదు.

పరిశోధకురాలు: లైగో డేటా కూడా అందరికీ అందుబాటులో ఉంది. 2015 నాటి సంకేతం 0.2 సెకన్లలో 35 హెర్ట్జ్ నుంచి 250 హెర్ట్జ్‌కు ఎలా ఎగబాకిందో మీరే గ్రాఫ్ గీసి చూడొచ్చు.

రిటైర్డ్ ఉద్యోగి: నాకు ప్రోగ్రామింగ్ రాదే!

లెక్చరర్: వాళ్ల సైట్‌లోనే పాఠాలున్నాయి సార్, పైథాన్ కొంచెం వస్తే చాలు. మా ల్యాబ్‌కు రండి, పిల్లలతో కలిసి చేద్దాం.

రిటైర్డ్ ఉద్యోగి: తప్పకుండా వస్తాను. ముందు ఏం చదువుకుని రమ్మంటారు?

లెక్చరర్: తరంగాల పాఠం. పౌనఃపున్యం (ఫ్రీక్వెన్సీ), కంపన పరిమితి (యాంప్లిట్యూడ్), ఈ రెండూ బాగా వస్తే చాలు.