టవర్ కింద ఎవరు కూర్చుంటారు?

అందరికీ నమస్కారం.

ఇక్కడ ఆర్కిటెక్చర్ విద్యార్థులే ఎక్కువగా కనిపిస్తున్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. ఆఫీసు టవర్ అనగానే మనం తలెత్తి పైకి చూస్తాం. ఎన్ని అంతస్తులు, అద్దం ఏ రంగు, పైన హెలిప్యాడ్ ఉందా లేదా అని. రోడ్డు మీద నడిచే మనిషికి మాత్రం భవనం అంటే కింది ముప్పై అడుగులే. ఆ ముప్పై అడుగులను ఒక నగరం ఎలా బేరమాడిందో, ఎక్కడ మోసపోయిందో చెప్తాను. ఆ నగరం న్యూయార్క్.

1915లో అక్కడ దిగువ బ్రాడ్‌వే మీద ఈక్విటబుల్ బిల్డింగ్ లేచింది. దాదాపు 40 అంతస్తులు, ఫుట్‌పాత్ అంచు నుంచే నిట్టనిలువుగా. చుట్టుపక్కల వీధుల్లో మధ్యాహ్నం కూడా చీకటి. జనం గోల పెట్టారు. 1916లో చట్టం వచ్చింది: పైకి పోతున్నకొద్దీ భవనం మెట్లు మెట్లుగా వెనక్కి జరగాలి. అయితే ప్లాటులో పావు వంతు మీద మాత్రం ఎంత ఎత్తయినా నిటారుగా కట్టుకోవచ్చు. ఈ పావు వంతు మినహాయింపును గుర్తుంచుకోండి.

సీగ్రమ్ అప్పట్లో ఒక విస్కీ కంపెనీ. దాని యజమాని శామ్యూల్ బ్రాన్ఫ్‌మన్ పార్క్ అవెన్యూ మీద హెడ్డాఫీసు కట్టబోతే, ముందుగా వేసిన డిజైన్ ఆయన కూతురు ఫిలిస్ లాంబర్ట్‌కు అస్సలు నచ్చలేదు. తండ్రికి పేజీల కొద్దీ ఉత్తరం రాసింది. చివరికి ఆర్కిటెక్టును వెతికే పని ఆమెకే అప్పగించారు. ఆమె మీస్ వాన్ డెర్ రోను ఎంచుకుంది. ఫిలిప్ జాన్సన్ ఆయనతో కలిసి పనిచేశాడు. మీస్ 38 అంతస్తుల టవర్‌ను రోడ్డు నుంచి 90 అడుగులు వెనక్కి నెట్టి, ముందంతా గ్రానైటు పరిచి వదిలేశాడు. అటొక నీటి కొలను, ఇటొక నీటి కొలను, అంతే. పావు వంతు నియమం పుణ్యమా అని టవర్ మెట్లు లేకుండా నిటారుగా నిలబడింది. 1958లో తలుపులు తెరిచారు. కొలనుల పక్కనున్న గట్ల మీద జనం కూర్చుని మధ్యాహ్న భోజనాలు చేయడం మొదలుపెట్టారు. అది చూసి మీస్ ఆశ్చర్యపోయాడట. అక్కడ మనుషులు కూర్చుంటారని ఆయన ఊహించనే లేదని తర్వాత జాన్సన్ చెప్పాడు. మన ఊళ్ళలో ఇంటి ముందు అరుగు కట్టిన మేస్త్రీకి ఈ సందేహం వచ్చేది కాదు!

తర్వాత సిటీ రెండు పనులు చేసింది, రెండూ వింతే. మొదటిది పన్ను. మామూలు ఆఫీసు భవనానికి వచ్చే అద్దెను బట్టి విలువ కట్టేవారు. సీగ్రమ్‌కు మాత్రం కట్టడానికి అయిన ఖర్చునే లెక్కలోకి తీసుకున్నారు. ఆ ఖర్చు సుమారు 3 కోట్ల 60 లక్షల డాలర్లు. కంపెనీ కోర్టుకెక్కింది. 1964లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం సిటీ పక్షానే తీర్పిచ్చింది. ఊరికి అంత చోటు వదిలి మంచి భవనం కట్టినందుకు దక్కింది ఎక్కువ పన్ను.

రెండోది 1961 నాటి కొత్త జోనింగ్ చట్టం, అంటే ఎక్కడ ఏది ఎంత కట్టొచ్చో చెప్పేది. సీగ్రమ్ లాంటి ప్లాజాలు, అంటే భవనం ముందు జనానికి వదిలే ఖాళీ స్థలాలు, ఊరంతా రావాలని ఆశపడి బోనస్ పెట్టారు. బాగా రద్దీ ప్రాంతాల్లో ఒక చదరపు అడుగు ప్లాజా వదిలితే పది చదరపు అడుగుల అదనపు అంతస్తు స్థలం, మొత్తం మీద 20 శాతం వరకు. బిల్డర్ వైపు నుంచి ఆలోచించండి. పరిచేది కాస్త రాయి, చేతికొచ్చేది అద్దెకిచ్చుకునే ఆఫీసు స్థలం. ఎవరు వదులుకుంటారు? ప్లాజాలు వరస పెట్టి వచ్చాయి. చట్టం అడిగింది ఖాళీ జాగా. వాళ్ళిచ్చింది ఖాళీ జాగానే. బెంచీ లేదు, చెట్టు లేదు. కొన్నిచోట్లయితే ఎవరూ కూర్చోకుండా గట్ల మీద ఇనుప ముళ్ళు కూడా బిగించారు.

విలియం వైట్ అనే ఆయన 1970ల మొదట్లో కుర్రవాళ్ళను వెంటేసుకుని ఈ ప్లాజాల మీద కెమెరాలు పెట్టించాడు. కొన్ని కిటకిటలాడుతుంటే కొన్ని బోసిపోతున్నాయి, ఎందుకని? ప్లాజా పెద్దదా చిన్నదా, ఆకారం ఏమిటి అన్నవి పెద్దగా తేడా తేలేదు. కూర్చోవడానికి చోటు ఉంటే మనుషులు కూర్చుంటున్నారు. నవ్వొచ్చేంత మామూలు సంగతి, కానీ అంతవరకు ఏ చట్టంలోనూ లేదు. కదిలే కుర్చీలుంటే ఇంకా ఇష్టం. కూర్చునే ముందు కుర్చీని జానెడు ఇటో అటో జరుపుకుంటారు, అవసరం లేకపోయినా. తినుబండారాల బండి ఉంటే జనం, జనం ఉన్నచోటికి ఇంకా జనం. 1975లో సిటీ నిబంధన మార్చింది: ప్రతి 30 చదరపు అడుగుల ప్లాజాకు ఒక అడుగు పొడవున కూర్చునే చోటు ఉండి తీరాలి. పాత ప్లాజాల దెబ్బ మాత్రం మిగిలిపోయింది. జెరాల్డ్ కేడెన్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ నగర ప్లానింగ్ శాఖతో కలిసి 2000లో లెక్క తేల్చితే, బోనస్‌తో వచ్చిన 503 జాగాల్లో 41 శాతం నాసిరకమని తేలింది.

1977 నాటి సిటీకార్ప్ సెంటర్‌ది ఇంకో దారి. ఆ ప్లాటు మూలన సెయింట్ పీటర్స్ చర్చి ఉంది. చర్చి వాళ్ళు స్థలం అమ్మారు కానీ, అదే మూలన తమకు కొత్త చర్చి కట్టివ్వాలన్నారు. అందుకని 59 అంతస్తుల టవర్‌ను తొమ్మిదంతస్తుల ఎత్తున్న స్తంభాల మీద నిలబెట్టారు. స్తంభాలు మూలల్లో కాదు, ఒక్కో వైపు మధ్యలో. (దానివల్ల ఏటవాలు గాలికి బలం చాలదని తేలి, 1978లో రాత్రిపూట గుట్టుగా వెల్డింగ్ చేశారు. ఆ కథ మీ స్ట్రక్చర్స్ మాస్టారిని అడగండి.) నాకు నచ్చేది కింద పల్లంలో ఉన్న ప్లాజా. సబ్‌వే స్టేషన్ నేరుగా అందులోకే తెరుచుకుంటుంది. రైలు దిగినవాళ్ళకు అది ఎలాగూ దారే కాబట్టి, జనాన్ని రప్పించడానికి వేరే తంటాలు పడక్కర్లేదు.

లండన్‌లో 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్ టవర్ ప్రజల కోసమని తోట పెట్టింది, పైకప్పు కింద. ముందుగా బుక్ చేసుకుని, సెక్యూరిటీ తనిఖీ దాటి, లిఫ్టెక్కి వెళ్ళాలి. దాన్ని వీధికిచ్చిన చోటుగా నేను ఒప్పుకోను. ఆ టవర్ లోపలికి వంగిన అద్దం 2013లో ఎండను ఒకచోటికి మళ్ళించి, వీధిలో ఆగి ఉన్న కారు భాగాలను కరిగించింది కూడా.

ఇప్పుడు మన హైదరాబాద్ సంగతి. న్యూయార్క్ బేరం ఇక్కడ నడవదు. 2006లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్ల అంతస్తు స్థలం కట్టొచ్చనే హద్దు, ఎత్తేశారు. పరిమితే లేనప్పుడు బోనస్ ఏమని ఇస్తారు? మన దగ్గర ఉన్నది సెట్‌బ్యాక్. 2012 నాటి 168వ జీవో లెక్కన 55 మీటర్ల భవనం చుట్టూ 16 మీటర్లు వదలాలి. అంటే ముందువైపు యాభై అడుగుల పైమాటే. సీగ్రమ్ వదిలిన దానిలో సగానికి పైగా ఇక్కడ చట్టమే వదిలిస్తోంది! మరి ఆ స్థలంలో ఏముంది? కాంపౌండ్ గోడ, గేటు, సెక్యూరిటీ క్యాబిన్, సెల్లార్ ర్యాంపు, ట్రాన్స్‌ఫార్మర్. గోడ అవతల టీ బండి దగ్గర, ఆ భవనంలో పనిచేసేవాళ్ళే రోడ్డు అంచున నిలబడి చాయ్ తాగుతుంటారు.

ఫైరింజన్ తిరగాలి కదా అంటారు. నిజమే, అందుకు గట్టి నేల, అడ్డులేని దారి కావాలి. గోడ కావాలని ఫైరింజన్ ఎప్పుడూ అడగలేదు. సెక్యూరిటీ మాటేమిటి అంటారు. హాంకాంగ్‌లో నార్మన్ ఫాస్టర్ కట్టిన హెచ్‌ఎస్‌బీసీ ప్రధాన కార్యాలయం చూడండి. 1980ల నడుమ పూర్తయిన భవనం. కింది అంతస్తు మొత్తం తెరిచి ఉంటుంది, ఈ వీధి నుంచి ఆ వీధికి దాని కిందుగా నడిచిపోవచ్చు. బ్యాంకులోకి ఎస్కలేటర్ ఎక్కాలి, కాపలా అక్కడ. ఆదివారాల్లో ఇళ్ళల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు ఆ నీడలో అట్టలు పరుచుకుని కూర్చుంటారు, తింటారు, కబుర్లాడుకుంటారు. న్యూయార్క్ వాళ్ళు ఎండ కోసం వెతుక్కుంటారు. మనకు మార్చి నుంచి నీడ కావాలి. కాబట్టి మనం చూడాల్సింది సీగ్రమ్ ఎండ ప్లాజా కన్నా, భవనమే గొడుగు పట్టిన ఈ నమూనాను.

మీ తర్వాతి డిజైన్ స్టూడియోలో సెక్యూరిటీ గీతను లిఫ్ట్ లాబీ ముందు గీయండి. ప్లాన్‌లో ట్రాన్స్‌ఫార్మర్‌ను వెనక్కి పంపండి, ర్యాంపును పక్క రోడ్డు మీదికి తిప్పండి. ముందున్న 16 మీటర్లలో చాయ్ బండికి చోటు చూపించండి, నల్లా నీళ్ళతో సహా. గట్లు పదహారు, పదిహేడు అంగుళాల ఎత్తులో పెడితే చాలు. ఇక క్లయింటును ఒప్పించడం ఎలా అంటారా, అది మీరు ప్రశ్నల్లో అడుగుతారని తెలుసు, ఇప్పుడే మొదలుపెట్టండి.