ప్రొటీన్ కదులుతోంది సరే, నమ్మొచ్చా? మాలిక్యులర్ సిమ్యులేషన్‌లో పోస్ట్‌డాక్ చేసే పని

[తెర మీద: నల్లటి టెర్మినల్. సెట్టింగుల ఫైలు మెల్లగా పైకి జరుగుతూ ఒక వరుస దగ్గర ఆగుతుంది.]

నమస్తే. ముందు ఈ ఫైలు చూడండి. గ్రోమాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చే సెట్టింగులివి. ప్రొటీన్లు ఎలా కదులుతాయో కంప్యూటర్లో లెక్కగట్టే ల్యాబుల్లో రోజూ ఇలాంటివి రాస్తారు. ఉష్ణోగ్రత ఎంత ఉండాలి, ఎన్ని అడుగులు వేయాలి, లెక్కని ఎంతకోసారి దాచుకోవాలి, అన్నీ ఇందులోనే. ఇదిగో, పీడనాన్ని అదుపులో ఉంచే పద్ధతి దగ్గర ఒక పేరుంది. పారినెల్లో-రెహ్మాన్.

పారినెల్లో ఇటలీ ఆయన. ఈ రెహ్మాన్ మాత్రం మన హైదరాబాద్‌లో 1927లో పుట్టిన అనీసుర్ రెహ్మాన్. కేంబ్రిడ్జిలో చదివి, బెల్జియంలోని లువేన్‌లో డాక్టరేట్ చేసి, 1960లో షికాగో దగ్గరున్న ఆర్గాన్ నేషనల్ లేబొరేటరీలో చేరారు. అక్కడ 1964లో 864 ఆర్గాన్ పరమాణువులు ద్రవంలో ఎలా తిరుగుతాయో కంప్యూటర్‌తో లెక్కించి చూపించారు. (ల్యాబు పేరూ వాయువు పేరూ తెలుగులో ఒకేలా పడ్డాయి. ఇంగ్లిష్ స్పెల్లింగులు వేరు, ఒకదానికొకటి సంబంధం లేదు.) ఈ రంగానికి తండ్రి అని చాలామంది అనేది ఆయన్నే. పీహెచ్‌డీలో నాలుగేళ్లు ఈ పేరు టైప్ చేశాను. ఆయనది హైదరాబాద్ అని తెలిసింది ఆ తర్వాతే.

[తెర మీద: వక్త ముఖం.]

ఇక అసలు విషయం. నేను పోస్ట్‌డాక్‌ని. అంటే పీహెచ్‌డీ అయిపోయాక, ఇంకా ప్రొఫెసర్ కాకముందు, ఏదో ఒక ల్యాబులో రెండు మూడేళ్ల కాంట్రాక్టు మీద పరిశోధన చేసేవాణ్ణి. పెళ్లిళ్లలో ఇది వివరించడం కష్టం. "డాక్టరేట్ వచ్చేసింది కదా నాన్నా, ఇంకా చదువేంటి?" అని మా పెద్దమ్మ అడుగుతుంది. చదువు కాదు పెద్దమ్మా, ఉద్యోగమే అంటే, "మరి పర్మనెంటా?" అంటుంది. అక్కడితో మన దగ్గర జవాబులు అయిపోతాయి.

ఏం పని చేస్తానో మాత్రం చెప్పగలను.

[తెర మీద: నీటి పెట్టెలో ఒక ప్రొటీన్. చుట్టూ వేల నీటి అణువులు జలజలా కదులుతుంటాయి.]

ఒక ప్రొటీన్ తీసుకుంటాం. దాని ఆకారం ఎక్స్‌రే ప్రయోగాల వల్లో, ఈమధ్య ఆకారాన్ని ఊహించి చెప్పే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ వల్లో దొరుకుతుంది. కానీ అది ఫొటో. ఒంట్లో ప్రొటీన్ ఫొటోలా నిలబడి ఉండదు, ఊగుతుంది, నోరు తెరుస్తుంది, మూస్తుంది. మందు వెళ్లి కూర్చునే గుంట కొన్నిసార్లు ఆ ఊగులాటలోనే ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది. దాన్ని పట్టుకోవడానికే ఈ సిమ్యులేషన్.

ప్రొటీన్‌ని నీటి పెట్టెలో పెట్టి, కొంచెం ఉప్పు వేస్తాం. మొత్తం 50 వేల పరమాణువులు అనుకోండి. ఒక్కోదాని మీద చుట్టుపక్కలవన్నీ కలిసి ఎంత బలం చూపిస్తున్నాయో లెక్కేస్తాం. బలం తెలిస్తే త్వరణం తెలుస్తుంది. ఇంటర్‌లో చదువుకున్న న్యూటన్ రెండో సూత్రమే, కొత్తదేం కాదు. త్వరణాన్ని బట్టి ప్రతి పరమాణువునీ కాస్త జరుపుతాం. మళ్లీ బలాలు లెక్కేస్తాం. మళ్లీ జరుపుతాం. అంతే.

బలాల లెక్క ఎక్కడిది? దాన్ని ఫోర్స్ ఫీల్డ్ అంటారు. రెండు పరమాణువుల మధ్య బంధాన్ని స్ప్రింగ్ అనుకుంటుంది. ఒక్కో పరమాణువుకి ఇంత విద్యుదావేశం అని రాసిపెట్టుకుంటుంది. మరీ దగ్గరకొస్తే తోసేస్తుంది, కొంచెం దూరంలో ఉంటే మెల్లగా లాగుతుంది. ఆంబర్, చార్మ్ అనేవి అలాంటి ఫోర్స్ ఫీల్డ్‌ల పేర్లే. స్ప్రింగ్ సాగుతుంది తప్ప తెగదు కాబట్టి, మామూలు సిమ్యులేషన్‌లో రసాయన చర్య కనిపించదు. అది కావాలంటే చర్య జరిగే కొంచెం చోటుకి క్వాంటమ్ లెక్క, మిగతాదానికి ఈ స్ప్రింగుల లెక్క వాడాలి. వార్షెల్, లెవిట్ 1976లో చూపిన దారి అది. 2013లో కార్‌ప్లస్‌తో కలిపి వాళ్లకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఒకప్పుడు కార్‌ప్లస్ దగ్గర పోస్ట్‌డాక్ చేసినవాడే ఈ వార్షెల్. ఈ ముక్క పెద్దమ్మకి చెప్పాలి.

[తెర మీద: తిరుగుతున్న సీలింగ్ ఫ్యాన్. ఆగి ఆగి ఫొటోలు.]

ఒక్కో అడుగు ఎంత చిన్నది? సాధారణంగా 2 ఫెమ్టోసెకన్లు. సెకనుని కోటి కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కని మళ్లీ పది చేస్తే అది ఒక ఫెమ్టోసెకను. ఇంత చిన్నదెందుకంటే, ఈ ఫ్యాన్ చూడండి. ఎప్పుడో ఒక ఫొటో తీస్తే రెక్క ఎటు తిరిగిందో చెప్పలేం. కార్బన్, హైడ్రోజన్ మధ్య బంధం పదకొండు ఫెమ్టోసెకన్లకోసారి కంపిస్తుంది. అంతకన్నా బాగా చిన్న అడుగు వేయకపోతే లెక్క పేలిపోతుంది. నిజంగానే పేలుతుంది, పరమాణువులు పెట్టె దాటి ఎక్కడికో ఎగిరిపోతాయి. "రన్ బ్లో అప్ అయింది" అంటాం. హైడ్రోజన్‌తో ఉన్న బంధాల పొడవు మారకుండా కట్టేస్తేనే ఆ 2 కూడా కుదిరేది.

కాబట్టి ఒక మైక్రోసెకను సినిమా కావాలంటే 50 కోట్ల అడుగులు. మంచి గ్రాఫిక్స్ కార్డు మీద రోజులు పడుతుంది. పది పికోసెకన్లకోసారి (పికోసెకను అంటే వెయ్యి ఫెమ్టోసెకన్లు) ఫ్రేమ్ దాచుకుంటే లక్ష ఫ్రేములు, కుదించకుండా ఉంచితే 60 జీబీ. ఇంతా చేస్తే సెకనులో పదిలక్షో వంతు. చాలా ప్రొటీన్లు అసలు పని మొదలుపెట్టేది అంతకన్నా నెమ్మదిగా.

1977లో మెకామన్, గెలిన్, కార్‌ప్లస్ మొదటిసారి ఒక ప్రొటీన్‌ని ఇలా కదిలించినప్పుడు వాళ్లకి దొరికింది 9 పికోసెకన్లే. బీపీటీఐ అనే బుల్లి ప్రొటీన్, 58 అమైనో ఆమ్లాలు, చుట్టూ నీళ్ల పెట్టె కూడా లేదు. అదే ప్రొటీన్‌ని 2010లో అమెరికాలోని డీఈ షా రీసెర్చ్ అనే ప్రైవేటు ల్యాబు వాళ్లు ఇందుకోసమే తయారుచేసిన ఆంటన్ యంత్రం మీద ఒక మిల్లీసెకను నడిపారు. ముప్ఫై మూడేళ్లలో పదకొండు కోట్ల రెట్లు.

అయితే పెద్ద కంప్యూటర్ ఉంటే చాలా? ఇక్కడే నా ఆరు వారాలు పోయాయి.

[తెర మీద: ఎంజైమ్ గుంటలో కూర్చున్న చిన్న మందు అణువు. మెల్లగా బయటికి జారిపోతుంది.]

పోస్ట్‌డాక్‌లో చేరిన మొదటి ఏడాది. ఒక ఎంజైమ్, దాని గుంటలో మందు అణువు. ప్రయోగం చేసినవాళ్లేమో గట్టిగా అతుక్కుంటుంది అన్నారు. నా సిమ్యులేషన్‌లో మందు బయటికి వచ్చేసింది. మూడు సార్లు పరమాణువులకి వేరే వేరే వేగాలిచ్చి మొదలుపెట్టాను, మూడుసార్లూ వచ్చేసింది. నేనేదో కొత్త విషయం కనిపెట్టాననుకున్నాను. స్లైడ్లు చేశాను, రంగులు కూడా బాగా కుదిరాయి. ల్యాబు మీటింగ్‌కి ముందు రోజు వాటిని చూస్తూ మా జూనియర్ ఒకడు, పీహెచ్‌డీ రెండో ఏడాది, "అన్నా, ఆ హిస్టిడిన్ మీద హైడ్రోజన్ ఎటువైపు పెట్టావు?" అన్నాడు.

నేను పెట్టలేదు. సాఫ్ట్‌వేర్ పెట్టింది.

హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లంలో రెండు నైట్రోజన్లు ఉంటాయి. హైడ్రోజన్ ఈ నైట్రోజన్ మీదైనా ఉండొచ్చు, ఆ నైట్రోజన్ మీదైనా ఉండొచ్చు, రెండిటి మీదా ఉండొచ్చు. ఎక్స్‌రే నిర్మాణాల్లో హైడ్రోజన్లు మామూలుగా కనిపించవు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఒకటి ఊహించుకుంటుంది. నా దాంట్లో తప్పు వైపు ఊహించింది. మందుకి చేయి అందించాల్సిన హైడ్రోజన్ వెనక్కి తిరిగి ఉంది. ఇటువైపు మందులోని ఆక్సిజన్, అటువైపు హిస్టిడిన్‌లోని ఖాళీ నైట్రోజన్, రెండూ రుణావేశాలే. అవి తోసుకోక ఏం చేస్తాయి? హైడ్రోజన్ వైపు మార్చి మళ్లీ రన్ చేస్తే మందు కదల్లేదు.

మూడు రన్నులూ ఒకే జవాబు ఇచ్చాయి కదా అని ధైర్యంగా ఉన్నాను చూడండి, అదీ అసలు ప్రమాదం. ఒకే తప్పుతో మొదలైన మూడూ ఒకే తప్పు చెబుతాయి.

[తెర మీద: నిటారుగా పైకి లేచి, తర్వాత చదునుగా సాగే గ్రాఫ్.]

ఇంకో మోసం ఉంది. ప్రొటీన్ మొదటి ఆకారం నుంచి ఎంత జరిగిందో చూపే ఈ గ్రాఫ్ చదునుగా మారగానే "స్థిరపడింది" అని రాసేస్తారు. గుంజకి కట్టిన గేదెని పొద్దంతా చూసినా ఆ నాలుగు గజాల్లోనే తిరుగుతుంది. దాన్నిబట్టి ఊరు నాలుగు గజాలే అంటే ఎలా? ప్రొటీన్ కూడా ఒకే రకం ఆకారాల గుంతలో చిక్కుకుని అక్కడే తిరుగుతూ ఉండొచ్చు. బయటికి లాగడానికి ఉపాయాలున్నాయి. మెటాడైనమిక్స్ అని, తిరిగిన చోటల్లా గుప్పెడు ఇసుక పోస్తూ పోతే గుంత నిండి, చివరికి అదే గట్టు దాటుతుంది. 2002లో దీన్ని చెప్పిన ఇద్దరిలో ఒకరు మళ్లీ ఆ పారినెల్లోనే. ఏ దిక్కున ఇసుక పోయాలో మాత్రం మనమే చెప్పాలి, తప్పు దిక్కు చెబితే నెలలు పోతాయి. నా రోజులో ఎక్కువ భాగం ఆ దిక్కు వెతకడానికే పోతుంది. రన్ బటన్ నొక్కడానికి ఎంతసేపు?

ఈ దారిలో రావాలనుకునేవాళ్లకి రెండు మాటలు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఫార్మసీ, ఏదైనా పర్వాలేదు. హైదరాబాద్‌లోనే ట్రిపుల్ ఐటీలో, టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్)లో ఇలాంటి ల్యాబులున్నాయి. మన దేశంలో నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ రెండేళ్లకి ఇస్తారు. విదేశాల్లో ఎక్కువగా ప్రొఫెసర్ గ్రాంటు మీద తీసుకుంటారు, కాబట్టి నేరుగా వాళ్లకే మెయిల్ రాయాలి. అందులో నాకు ఫలానా సాఫ్ట్‌వేర్లు వచ్చు అని చాంతాడంత జాబితా పెట్టకండి, అందరికీ వస్తాయి. మీ పనిలో ఒక ఫలితాన్ని మీరే ఎలా అనుమానించారో, ఎలా తేల్చుకున్నారో నాలుగు వాక్యాల్లో రాయండి. నాకు ఇంటర్వ్యూలో గంటసేపు అడిగింది అదే.

[తెర మీద: మళ్లీ ఎంజైమ్ గుంట. ఈసారి పేర్లేవీ రాసి ఉండవు.]

ఆ ఆరు వారాల ట్రాజెక్టరీని, అంటే దాచుకున్న ఫ్రేములన్నిటినీ, నేను డిలీట్ చేయలేదు. ల్యాబులో కొత్తవాళ్లు చేరితే మొదటి రోజు అదే చేతిలో పెట్టి, మందు ఎందుకు బయటికి వస్తోందో చెప్పమంటాను. ఇది అందులో మొదటి ఫ్రేమ్. ఇక్కడ ఆపి చూడండి. ఇప్పటిదాకా అందరికన్నా త్వరగా చెప్పినమ్మాయికి రెండు రోజులు పట్టింది.