పాపకు జ్వరం 102, బయట ఎండ 42

అల్లుడు: నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాం. వెనక ఫ్యాను చప్పుడు వినిపిస్తే సర్దుకోండి, అది ఆపితే మేం మాట్లాడలేం. ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పిన మా మామ పక్కనే ఉన్నాడు. మామా, మొన్న మా పాపకు జ్వరం 102. టీవీలో ఎండ 42 అంటున్నారు. "అయితే ఎండకంటే నేనే వేడా నాన్నా?" అంది.

మామ: మంచి ప్రశ్న. మన ఇళ్లలో రెండు స్కేళ్లు కాపురం చేస్తున్నాయప్పా. జ్వరానికి ఫారెన్‌హీట్, ఎండకు సెల్సియస్. ఏదీ, 42ను మార్చు.

అల్లుడు: తొమ్మిది బై అయిదు, ఆపైన 32... కాగితం ఉందా?

మామ: కాగితం ఎందుకు? రెట్టింపు చేయి, 84. అందులో పదో వంతు తీసేయి. 8.4 పోతే 75.6. దానికి 32 కలుపు, 107.6. ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన లెక్కే. తొమ్మిది బై అయిదంటే 1.8, రెండులో పదో వంతు తక్కువ. అంతే.

అల్లుడు: ఎండే గెలిచింది!

మామ: గెలవదా మరి, పాప 38.9 దగ్గరే ఉంది. ఒక్క జాగ్రత్త. "జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగింది" అంటే ఫారెన్‌హీట్‌లో 1.8 పెరిగినట్టు. తేడాను మార్చేటప్పుడు 32 కలపకూడదు. నా దగ్గర చదివిన పిల్లల్లో సగం మంది అక్కడే మార్కులు పోగొట్టుకునేవాళ్లు.

అల్లుడు: నేను డబ్బులు పోగొట్టుకున్న కథ చెప్తా. మధ్యాహ్నం బెంగళూరు నుంచి కార్లో వస్తూ ఊరి బయట టైర్లలో గాలి చూపించినా. మీటర్‌లో 30 ఉండాల్సింది 34న్నర ఉంది. ఎండలో పేలిపోతాయేమోనని టెన్షన్ పడి 30కి తీయించేసినా. మరుసటి రోజు పొద్దున చూస్తే 26!

మామ: పంక్చర్ అనుకున్నావు.

అల్లుడు: నాలుగు టైర్లూ ఒకేసారా మామా?

మామ: సరే, లెక్క వేద్దాం. పొద్దున టైరు 27 డిగ్రీలు, రోడ్డు మీద కాగి 57 అయిందనుకో. టైరు సైజు దాదాపు మారదు. అప్పుడు గాలి ఒత్తిడి ఉష్ణోగ్రతతో పాటే పెరుగుతుంది. ఎంత పెరగాలి?

అల్లుడు: 30 ఇంటూ 57 బై 27... 63 వస్తోందే!

మామ: వస్తుంది, ఎందుకంటే సెల్సియస్ సున్నా మనం పెట్టుకున్నది. 1742లో సెల్సియస్ తన స్కేలులో నీళ్లు మరిగే చోట సున్నా, మంచు కరిగే చోట 100 పెట్టాడు. తరవాత వాళ్లు దాన్ని తిరగేశారు. తిరగేస్తే తిరగబడే సున్నాతో నిష్పత్తులు కడితే ఎట్లా? అసలు సున్నా, అంటే అంతకంటే చల్లబడడం కుదరని చోటు, మైనస్ 273.15 దగ్గర ఉంది. అక్కడి నుంచి లెక్కపెట్టేదే కెల్విన్. 27 అంటే 300, 57 అంటే 330. పెరిగింది పదో వంతే.

అల్లుడు: 30లో పదో వంతు 3. అంటే 33. కానీ మీటర్ 34న్నర చూపించింది కదా?

మామ: ఆ, ఇక్కడే అసలు మెలిక. పంక్చరై పడుకున్న టైరుకు మీటర్ పెడితే ఎంత చూపిస్తుంది?

అల్లుడు: సున్నా.

మామ: లోపల గాలే లేదా? ఉంది. బయట ఎంత ఒత్తిడి ఉందో లోపలా అంతే ఉంది. మీటర్ తేడాను మాత్రమే చూపిస్తుంది. దాని సున్నా కూడా సెల్సియస్ సున్నా లాంటిదే. బయటి గాలి ఒత్తిడి 14.7 కలుపు. మనూరు సముద్ర మట్టానికి వెయ్యి అడుగుల పైన ఉంది కాబట్టి ఇంకాస్త తక్కువే, పోనీలే. 30కి కలిపితే 44.7. దానికి పదో వంతు చేర్చితే 49.2. మళ్లీ 14.7 తీసేయి.

అల్లుడు: 34న్నర! మీటర్ నిజమే చెప్పింది.

మామ: వేడి మీద నువ్వు 30కి దించావు. అంటే లోపల అసలు ఒత్తిడి 44.7. రాత్రి 330 నుంచి 300కి చల్లారితే 40.6. అందులో 14.7 పోతే?

అల్లుడు: 25.9. దేవుడా! గాలి తీయించడానికి ఒకసారి, కొట్టించడానికి ఒకసారి ఇచ్చినా.

మామ: కంపెనీ వాడు చెప్పే 30 చల్లటి టైరుకు. పొద్దున బండి కదలకముందు చూపించు.

అల్లుడు: పొద్దున అంగడి ఎవరు తెరుస్తారు మామా?

మామ: ఒక మీటర్ కొనుక్కో. జ్వరం చూసే దాని పక్కనే పెట్టుకో.