మాంచెస్టర్‌లో కారు వైపర్ పట్టేసింది, ఇంట్లోనే బాగుచేశా

అందరికీ నమస్కారమండీ. మా బాబాయ్‌కి విజయవాడ ఆటోనగర్లో వర్క్‌షాపు ఉంది. "ఆ వైపర్ ఎలా విప్పుతావో వీడియో తీసి పంపరా" అన్నారు. ఆయన అడిగాక తీయకుండా ఉంటానా?

మాంచెస్టర్ వానల్లో వైపర్ లేకుండా బండి తీయలేం. పైగా ఇక్కడ మూడేళ్లు దాటిన కారుకు ఏటా ఎమ్‌ఓటీ అనే పరీక్ష ఉంటుంది. వైపర్ అద్దాన్ని సరిగా తుడవకపోతే ఫెయిలే. మా బండికి వచ్చే వారమే టెస్టు, ఒకటే టెన్షన్. గ్యారేజీలో అడిగితే సెట్టు మొత్తం మార్చాలి, 280 పౌండ్లు అన్నారు. మన డబ్బుల్లో ముప్పై వేల పైమాటే! పట్టేసిందేమో వైపర్‌ని తిప్పే చిటికెన వేలంత కడ్డీ, అదే షాఫ్టు. దాన్ని బాగుచేయరా అంటే, చేయరట. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పనికి గంటల లెక్కన డబ్బు తీసుకుంటారు కాబట్టి, కూర్చుని బాగుచేయడం కన్నా కొత్తది వేయడమే చవక అంటారు. బాగున్న మోటారు చెత్తలోకి పోవాల్సిందేనా?

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశాను. మామూలుగా వైపర్లు ఆగే చోట అద్దం మీద టేపు అంటించాను. నట్టు తీశాక వైపర్ ఆర్మ్‌ని పుల్లర్ అనే లాగే పనిముట్టుతోనే తీయాలి, స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే అద్దం పగలొచ్చు. అద్దం కింది ప్లాస్టిక్ తీస్తే చూడండి, ఎన్ని ఎండుటాకులో! నీళ్లు పోయే దారి మూసుకుపోయింది.

దగ్గరగా చూపిస్తాను. షాఫ్టు ఉక్కు, చుట్టూ గొట్టం అల్యూమినియం. గ్రీజు ఎండిపోయి తడి చేరితే అల్యూమినియం తెల్లగా పొడికట్టి షాఫ్టును బిగించేస్తుంది. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు దీన్ని ఇంకా త్వరగా తినేస్తుంది.

తుప్పు వదిలించే ఆయిల్ పోసి రాత్రంతా ఉంచాను. పొద్దున పక్కింటి పెద్దాయన చూసి, అడక్కుండానే వేడిగాలి ఊదే హీట్ గన్ తెచ్చిచ్చారు. ఒక్కరే ఉంటారు, కొడుకు ఆస్ట్రేలియాలో. అది విన్నాక నాన్నతో మాట్లాడాలనిపించింది. మీకు వీడియో కట్ అయినట్టు కనిపించేది అక్కడే.

సరే, పనిలోకి వద్దాం. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, కాబట్టి గొట్టాన్ని వేడిచేస్తే పట్టు సడలుతుంది. షాఫ్టు జారకుండా పట్టి ఉంచే రింగు, అదే సర్‌క్లిప్ తీసి, షాఫ్టును అటూ ఇటూ తిప్పుతూ, పైన చెక్క పెట్టి సుత్తితో తట్టాను. కదిలింది! ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, లిథియం గ్రీజు దట్టంగా పట్టించాను. ఉత్త స్ప్రే కొట్టి వదిలేస్తే కొన్నాళ్లకే మళ్లీ పట్టేస్తుంది.

ఆర్మ్‌లు పెట్టే ముందు బ్యాటరీ వైరు మళ్లీ తగిలించి, మోటారును ఒకసారి తిప్పి ఆపండి, అది తన చోటికి వచ్చి ఆగుతుంది. అప్పుడు టేపు గుర్తుకు సరిగ్గా బిగించాలి.

పుల్లరు, ఆయిల్, గ్రీజు కలిపి 25 పౌండ్లు, మనకి దాదాపు మూడు వేలు. వీడియో కాల్లో బాబాయ్ వైపర్ తిరిగే శబ్దం విని "మన పనోడివిరా" అన్నారు. ఇంజనీరింగ్ పాసైనప్పుడు కూడా ఆయన నాతో ఆ మాట అనలేదు.