జీన్స్ మీద ఆ రాగి గుండ్లు ఎవరు పెట్టారు?

నమస్తే అన్నా, నమస్తే అక్కా. జీన్స్ వేసుకుని ఉంటే కుడి జేబులో చెయ్యి పెట్టి చూడండి, లోపల గింతంత జేబు ఇంకోటి ఉంటది, రెండు వేళ్లు కూడా సరిగ్గా పట్టవు. హనుమకొండ చౌరస్తాలో ఎవరినన్నా అడగండి, ఒకరు చిల్లరకంటారు, ఇంకొకరు బండి తాళానికంటారు. అసలు అది గొలుసు గడియారానికి. 1870ల్లో అమెరికాలో ఈ ప్యాంట్లు మొదలైనప్పుడు మగవాళ్ల గడియారం జేబులోనే ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అది మణికట్టుకు ఎక్కింది, జేబును మాత్రం ఎవరూ తీసెయ్యలేదు.

దాని మూలల్లో రాగి గుండ్లు ఉంటాయి చూడండి, రివిట్లు, నాకు ఇష్టమైన కథ వాటిదే. నెవాడాలోని రీనోలో జాకబ్ డేవిస్ అని ఒక టైలర్, డేరాలు, గుర్రాల మీద కప్పే దుప్పట్లు కూడా కుట్టేవాడు. కట్టెలు కొట్టే మనిషి భార్య ఒకామె వచ్చి, మా ఆయనకు చినగని ప్యాంటు కావాలంది. గుర్రపు దుప్పట్లకు వాడే రివిట్లు పక్కనే ఉన్నాయి, జేబుల మూలల్లో బిగించి ఇచ్చాడు. జేబు చినిగేది మూల దగ్గరే కదా! ప్యాంట్లకు గిరాకీ పెరిగింది, పేటెంటుకు కట్టాల్సిన 68 డాలర్లు మాత్రం చేతిలో లేవు, దాంతో తనకు బట్ట అమ్మే శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి లీవై స్ట్రాస్‌కు ఉత్తరం రాశాడు. 1873 మే 20న ఇద్దరికీ కలిపి పేటెంటు వచ్చింది. ఇప్పుడు ప్యాంటు వెనక పట్టీ మీద ఎవరి పేరుందో మీకు తెలుసు, కుట్టినోడి పేరు కాదు.

వెనక జేబులకు కూడా రివిట్లు ఉండేవి, గుర్రపు జీన్లకు, కుర్చీలకు గీతలు పడుతున్నాయని గొడవ చేస్తే 1937లో వాటిని బట్ట కింద దాచేశారు.

కోటు చేతుల మీద గుండీలు సైనికులు ముక్కు తుడుచుకోకుండా నెపోలియన్ పెట్టించాడని వాట్సాప్‌లో తిరుగుతుంటది. అదే కథను ప్రష్యా రాజు ఫ్రెడరిక్ పేరు మీద కూడా చెప్తారు. ఆధారం దేనికీ లేదు, నేనైతే నమ్మను. రాజు పేరు తగిలిస్తే జనం వింటారు, టైలర్ పేరు చెప్తే ఎవరు షేర్ చేస్తారు చెప్పండి?

ఇక జిప్పు మీద వైకేకే అని ఉంటది కదా, అది తడావో యోషిడా అనే జపాన్ ఆయన కంపెనీ. 1934లో టోక్యోలో పెట్టాడు. మన వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు పెట్టింది కూడా ఆ ఏడాదే, మిల్లు పోయింది, జిప్పు నడుస్తనే ఉంది. మీ జిప్పు మీద వేరే అక్షరాలుంటే కామెంట్ పెట్టండి, వచ్చే వీడియోలో కాలర్ గుండీల సంగతి చూద్దాం.